కింది సీసా

కోటినాగుకి వచ్చిన చిక్కేమిటంటే, వాడికి చలి అంటే ఏమిటో తెలియదు.

పుట్టింది గుంటూరు, పెరిగింది గుంటూరు. ముప్పై రెండేళ్ల బతుకులో వాడు ఎరిగిన చలంతా ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు మఫ్లరు చుట్టుకునేంత చలి. అదే ఎండ సంగతి అడగండి, కూచోబెట్టి చెబుతాడు. రేకుల షెడ్డు కింద మిట్టమధ్యాహ్నం వెల్డింగు పెట్టేవాడికి ఎండ గురించి ఎవరో చెప్పాలా? బస్సులకి ఏసీ గొట్టాలు వేయడంలో ఆటోనగర్ మొత్తమ్మీద వాడిది చెయ్యి తిరిగిన పని. బండిలోంచి వేడిని ఎలా తరమాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అలాంటివాడి నెత్తిన, రోడ్డు మీద తారు కరిగే రోహిణి కార్తెలో, బండికి హీటరు బిగించే పని వచ్చి పడింది.

"హీటరా? ఈ ఎండల్లోనా? బండిక్కూడా వడదెబ్బ తగిలిద్దిరా," అని పక్క షెడ్డు పెయింటరు పడీపడీ నవ్వాడు. కోటినాగు కూడా నవ్వాడు గానీ, లోపల గుబులుగానే ఉంది.

ఆ పని తెచ్చినావిడ పేరు హైమవతి. తెనాలిలో పోస్టుమాస్టరుగా చేసి రిటైరైంది. మూడో ఏట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, మోకాలి దాకా ఇనప పట్టీల బూటు. స్కూలు వాళ్లు అమ్మేసిన ఒక పొడుగు వ్యాను కొనుక్కుని, దాన్ని ఇల్లులా మార్చి ఇమ్మని తీసుకొచ్చింది.

"చూడు నాయనా," అంది మొదటి రోజే. "మా నాన్న ఎంత చల్లటి పేరు పెట్టాడో విన్నావుగా. అరవై రెండేళ్లొచ్చాయి, మంచుని ఫ్రిజ్జులో తప్ప చూళ్లేదు. జూన్ నెలాఖరుకి లడఖ్ దారి తెరిచి ఉంటుందట. వెళ్లాలి. మా చెల్లెలు సుగుణ బండి తోలుతుంది. హోటళ్లలో మెట్లెక్కలేను, బాత్రూముల్లో జారతాను. అందుకని నా ఇల్లే నాతో రావాలి."

"వచ్చిద్దమ్మా," అన్నాడు కోటినాగు.

"ఒక్కటే భయం. ఈ కాలికి రక్తం సరిగ్గా ఆడదు. చలి తగిలిందంటే నీలంగా మారి కొయ్యబారుతుంది. బ్యాంకులో ఏసీ కింద పావుగంట కూచోవాలన్నా శాలువా కప్పుకోవాలి. రాత్రిళ్లు కాలు వెచ్చగా ఉండే ఏర్పాటుంటే వెళ్లండి, లేకపోతే ఫొటోల్లో చూసుకోండి అన్నాడు డాక్టరు. నేను వెళ్లాలో ఫొటోలు చూసుకోవాలో ఇక నువ్వే తేల్చాలి. ఉన్న డబ్బు బండికే చాలావరకు అయిపోయింది. ఎక్కువ పెట్టలేను."

కోటినాగు అన్నీ ఫోనులో రాసుకున్నాడు. మంచం ఎత్తు, మెట్టు ఎత్తు, పట్టుకునే కడ్డీలు. చివర్న, 'కాలికి చలి పడదు' అని కూడా రాసుకున్నాడు.

ఇక వాడి గురువు సంగతి చెప్పాలి. షెడ్డు మీరావలి మేస్త్రిది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. గురువారం దర్గాకి వెళ్లొస్తాడు, మిగతా ఆరు రోజులూ షెడ్డులోనే. పది మాటలు అవసరమైన చోట ఒకటి మాట్లాడి, తొమ్మిదీ దాచుకునే రకం. పన్నెండేళ్ల కిందట కోటినాగు కొత్తగా చేరినప్పుడు, "బోల్టు ఎంత బిగించాలి మేస్త్రిగారూ" అని అడిగాడు. ఆయన తను బిగించిన బోల్టొకటి చూపించి, "ఇది విప్పు" అన్నాడు. వాడు చెమటలు కక్కుతూ విప్పాడు. ఆ పాఠం అక్కడితో అయిపోయింది. మళ్లీ ఎప్పుడూ వాడు ఆ మాట అడగలేదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. పని పూర్తయిన బండికి డ్రైవరు తలుపు లోపల, పై అంచున మేస్త్రి సుద్దముక్కతో చిన్న టిక్కు పెడతాడు. ఆ టిక్కు పడందే బండి గేటు దాటదు. సుద్దముక్క ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా కోటినాగు చేతికి రాలేదు. ఈ బండి మట్టుకు "మొత్తం నువ్వే చూసుకో" అన్నాడు మేస్త్రి. దాంతో వాడికి ఆశ పుట్టింది. పుట్టదా మరి?

సరే, హీటరు వెతుకులాట మొదలైంది.

మొదట కరెంటుది అనుకున్నాడు. లెక్క వేస్తే, బండిలో పెట్టే బ్యాటరీ రెండు గంటలకే చేతులెత్తేస్తుందని తేలింది. గ్యాసుది చవక. కానీ మూసిన బండిలో మంట పెడితే, మనిషి పీల్చే గాలిని అది తినేస్తుంది. పైగా గోడలంతా చెమ్మ. విదేశీ కంపెనీవాళ్ల డీజిలు హీటరు ఒకటుంది, దాన్ని వేలెత్తి చూపించడానికి లేదు. కాకపోతే దాని ధర చూసి కోటినాగు ఫోను పక్కన పడేశాడు. చివరికి అదే తరహాది, పెద్ద పేరు లేనిది, ఒక మామూలు సెల్‌ఫోను ధరకి వచ్చేది దొరికింది. కొండల మీద గాలి పలచన కాబట్టి అక్కడ డీజిలు తగ్గించి కాల్చే సర్దుబాటు కూడా ఉంది. ఆ బొమ్మ తీసుకెళ్లి మేస్త్రికి చూపించాడు.

మేస్త్రి కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. "పొగ ఎటు పోద్ది?"

"బండి కిందనించి బయటికి. మంటకి కావలసిన గాలి కూడా బయటినించే తీసుకుంటది. మనం పీల్చే గాలి వేరు, మంట గాలి వేరు. రెండూ కలవవు."

"డీజిలు?"

"మన ట్యాంకులోదే. రాత్రంతా కాలినా రెండు లీటర్లు."

"కలిస్తే?"

కోటినాగుకి అర్థం కాలేదు. "ఏంది మేస్త్రిగారూ?"

"ఆ రెండు గాలులూ కలవవన్నావుగా. కర్మం చాలక కలిస్తే?"

వాడు మళ్లీ ఫోను తీశాడు. వెనక్కెళ్లి ఆర్డరులో ఇంకొకటి చేర్చాడు. పొగలోని విషం లోపలి గాలిలో కలిస్తే గీపెట్టే చిన్న అలారం. మేస్త్రి తల ఊపాడు. ఎంపిక అంతటితో అయిపోయింది.

హీటరు వచ్చింది. మన బొగ్గుల కుంపటి అంత ఉంది, అంతే. దాంతోపాటు వచ్చిన కాగితంలో ఏ భాషో తెలియని ఇంగ్లీషు. కోటినాగు దాన్ని చదివీ చదివీ, చివరికి బొమ్మల్ని నమ్ముకున్నాడు.

పని మాత్రం కళ్లకద్దుకునేలా చేశాడు. పక్కబల్ల కింద నేలకి రంధ్రం కోసి, ఉక్కు పలక వేసి, చుట్టూ వేడిని తట్టుకునే జిగురు పూసి హీటరుని కూచోబెట్టాడు. పొగ గొట్టాన్ని డీజిలు పైపుకి దూరంగా తిప్పి, బండి పక్కకి వదిలాడు. డీజిలు పంపు టిక్కుటిక్కుమని కొట్టుకుంటుందని, ఆవిడ నిద్ర చెడకుండా దాన్ని రబ్బరులో వేలాడదీశాడు. మంచం ఆవిడ కూచుంటే కాళ్లు నేలకి ఆనేంత ఎత్తులో పెట్టాడు. తలుపు దగ్గర మెట్టు, మంచం దగ్గర కడ్డీ, ఇనప బూటు తగిలించుకోవడానికి కొక్కెం. ఆ కాలు వాడి మనసులో లేదనడానికి వీల్లేదు.

ఇక మిగిలింది వేడిగాలి గొట్టం. అక్కడ వాడి చెయ్యి వాణ్ణి అడగలేదు. పన్నెండేళ్లుగా ఏ దారిన పోయిందో ఆ దారినే పోయింది. గొట్టాన్ని వెనక స్తంభం వెంట పైకెక్కించి, కప్పు లోపల్నించి తెచ్చి, మంచానికి పైన నాలుగు గుండ్రటి జాలీలు పెట్టాడు. ఏసీ స్లీపరు బస్సులో ఉంటాయే, అవే. వేలితో తిప్పితే గాలి ఎటు కావాలంటే అటు. చుట్టూ నీలం లైటు కూడా వేశాడు.

ఆటోనగర్‌లో సగం మంది వచ్చి చూసి పోయారు. పెయింటరు మంచం మీద వెల్లకిలా పడుకుని జాలీల వంక చూస్తూ, "ఇదేందిరా నాయనా, ఇంద్రభవనం," అన్నాడు. కోటినాగు కాళ్లు ఆ రోజు నేల మీద ఆనలేదు.

సాయంత్రం మేస్త్రిని పిలిచాడు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కడ్డీలు పట్టుకుని ఊపి చూశాడు, మెట్టెక్కి దిగాడు, జాలీలు తిప్పాడు.

"పని బాగుంది," అన్నాడు.

మీరావలి నోట ఆ మాట రావడమే గొప్ప. ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. చెయ్యి అక్కడే ఆగింది.

"వెచ్చగా ఉండిద్దా?"

"ఎందుకుండదు మేస్త్రిగారూ?"

"ఎట్టా తెలుసు?"

బయట నలభై నాలుగు డిగ్రీలు. లోపల హీటరు వెలిగించకుండానే మనిషి ఉడికిపోతున్నాడు. కోటినాగు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "చలిలో పెట్టి చూడాలి. ఈ కాలంలో చలి ఎక్కడ దొరుకుద్ది?"

"మిర్చి పడుకునే చోట," అన్నాడు మేస్త్రి. "రెండు కొబ్బరినూనె సీసాలు తీసుకురా. చిన్నవి చాలు."

నూనె ఎందుకని అడగాలనుకున్నాడు. పన్నెండేళ్ల అనుభవం కాబట్టి అడగలేదు.

గుంటూరులో మనుషులకి లేని సుఖం మిరపకాయలకి ఉంది. ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీలు. బయట జనం మాడిపోతుంటే, లోపల మిర్చి బస్తాలు ఐదారు డిగ్రీల చల్లదనంలో నెలల తరబడి హాయిగా పడుకుంటాయి. అందులో ఒకదాని గుమాస్తా మేస్త్రికి పాత స్నేహితుడు. నూనె సీసాలు రెండూ ఆ పూటే అక్కడ పెట్టించారు. మర్నాడు పదకొండు గంటలకి బండిని లోపలికి తోలారు.

షట్టరు దిగింది. కోటినాగుకి మొదట వచ్చింది చలి కాదు, తుమ్ము. మిర్చి ఘాటుకి పన్నెండుసార్లు తుమ్మాడు. ఆ తరవాత వచ్చింది చలి. చెమటతో తడిసిన చొక్కా వీపుకి చల్లగా అతుక్కుంది. పళ్లు టకటకలాడాయి. వాడికి ఇంత చలి ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

షట్టరు కింద జానెడు సందు ఉంచి, పొగ గొట్టానికి ఇంకో గొట్టం తగిలించి ఆ సందులోంచి బయటికి వదిలారు. మేస్త్రి వంగి ఆ అతుకుని మూడుసార్లు తడిమి చూశాడు. అలారం తనే తగిలించాడు. తరవాత పెరుగులా తెల్లగా గడ్డకట్టిన నూనె సీసాలు రెండూ తెప్పించాడు. ఒకటి కప్పు కొక్కేనికి కట్టాడు. రెండోది మంచం పక్కన నేల మీద పెట్టాడు. తలుపు మూసి మంచం మీద కూచున్నాడు, వట్టికాళ్లు నేల మీద ఆనించి.

"వెలిగించు," అన్నాడు.

పంపు టిక్కుటిక్కుమంది. రెండు నిమిషాలకి లోపల మంట అందుకున్న చప్పుడు. ఐదు నిమిషాలకి జాలీల్లోంచి వెచ్చటి గాలి దిగింది. కోటినాగు కడ్డీ పట్టుకుని వాటి కిందనే నిలబడ్డాడు. తల వెచ్చబడింది, మెడ వెచ్చబడింది. ఇంకో పది నిమిషాలకి నుదుటి మీద చెమట పట్టింది. పైన సీసాలో నూనె అంచులు కరిగి, మధ్యలో తెల్లటి ముద్ద తేలుతోంది. వాడికి ఈల వేయాలనిపించింది, మేస్త్రి ఉన్నాడని మానుకున్నాడు.

"చూశారా మేస్త్రిగారూ, ఇంకాస్తుంటే ఫ్యాను కావాలి," అన్నాడు.

మేస్త్రి పాదాలు నేల మీంచి తీయలేదు. అలాగే కూచున్నాడు. అరగంట గడిచింది.

"నాగూ," అన్నాడు చివరికి. "కాలు పట్టేసిందిరా. కాస్త నూనె రాస్తావా?"

వాడు వెంటనే చెయ్యి చాపి పైసీసా అందుకోబోయాడు. నూనె నీళ్లలా ఉంది.

"అది కాదు. కింద ఉందిగా, అందులోది."

కోటినాగు నేల మీద మోకాలు ఆనించి కూచున్నాడు. ఆనించిన మరుక్షణం ప్యాంటులోంచి చలి జివ్వుమని ఎముకలోకి వెళ్లింది. కింది సీసా తీసి మూత విప్పి అరచేతిలో వంచాడు. ఒక్క చుక్క రాలేదు. విదిలించాడు. లోపల గడ్డ కదల్లేదు.

"ఇది పేరుకునే ఉంది మేస్త్రిగారూ. పైదాన్లో కరిగింది."

"కాలు ఇక్కడుందిరా," అన్నాడు మేస్త్రి.

కోటినాగు ఆయన పాదం మీద చెయ్యి వేశాడు. ముసలి పాదం, చర్మం పొడిబారి, ఐసుగడ్డలా ఉంది. గోళ్లు నీలంగా కనిపించాయి. వాడి నుదుటి మీద చెమట ఇంకా ఆరలేదు.

పంపు టిక్కుటిక్కుమంటూనే ఉంది. వాడే లేచి హీటరు ఆపాడు. మేస్త్రి చెప్పులు వెతికి, ఒక్కొక్కటే ఆయన కాళ్లకి తొడిగాడు.

బయటికి వచ్చాక, ఎండలో గోడ వారన కూచుండిపోయాడు. ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. మంచం ఆవిడ కాళ్లు ఆనేలా కొలిచి పెట్టినవాడు వాడే. ఆ కాళ్లు ఆనే చోటు తప్ప బండంతా వెచ్చబెట్టినవాడూ వాడే. ఏసీ గాలి పైనుంచి దిగుతుంది, పన్నెండేళ్లుగా చూశాడు. వేడి గాలి పైకి పోతుందని బొగ్గుల కుంపటి ముందు కూచున్న ఏ ముసలమ్మని అడిగినా చెప్పేది. వాడికీ తెలుసు. తెలిసి, చెయ్యికి చెప్పలేదు.

మేస్త్రి వచ్చి పక్కన కూచున్నాడు. కాళ్లు ఎండలోకి చాపుకున్నాడు.

"మీకు ముందే తెలుసు," అన్నాడు కోటినాగు. గొంతులో కోపం కూడా ఉంది. "కప్పు మూసేటప్పుడే చెప్పొచ్చుగా. నాలుగు రోజుల పని."

"నాకు తెలిస్తే రెండు సీసాలెందుకురా? ఒకటి చాలు."

వాడు ఆయన వంక చూశాడు. ఎగతాళి లేదు. అరికాళ్లు రుద్దుకుంటున్నాడు, అంతే.

"నేనూ గుంటూరోణ్ణేగా," అన్నాడు మేస్త్రి. "నాకు మట్టుకు చలి ఎక్కడ తెలుసు? నేను కూచున్నాను, నువ్వు నిలబడ్డావు."

మర్నాడు పొద్దున్నే కోటినాగు కప్పు విప్పాడు. పెయింటరు వచ్చి లబలబలాడాడు. "ఒరే, ఇంత సొగసైన పనిని పీకుతావేందిరా? పిచ్చి గాని పట్టిందా?" వాడు జవాబు చెప్పకుండా స్క్రూలు విప్పుతూనే ఉన్నాడు. ఒక్కో జాలీ ఊడి వస్తుంటే దాన్ని చొక్కాకి తుడిచి పక్కన పేర్చాడు.

గొట్టాన్ని ఈసారి పైకి ఎక్కనివ్వలేదు. బల్ల కిందనించే తిప్పి, మంచం వారగా నేలకి బెత్తెడు ఎత్తున వదిలాడు. నేల రేకు మీద రబ్బరు దుప్పటి లాంటి మందపు నురుగు షీటు పరిచి, దాని మీద ప్లైవుడ్డు వేశాడు. నీలం లైటు తీసేశాడు. కప్పుకి కోసిన నాలుగు రంధ్రాలు మాత్రం మిగిలిపోయాయి. కొత్త షీటు వేయాలంటే రోజులు చాలవు, హైమవతి గారి దగ్గర అంత డబ్బు లేదు కూడా. నాలుగు గుండ్రటి చెక్క బిళ్లలు కోసి వాటికి మూతలు పెట్టాడు.

పెట్టాక బండిని మళ్లీ కోల్డ్ స్టోరేజీకి తోలాడు. ఈసారి ఒక్కడే వెళ్లాడు. గొట్టం తగిలించి, అతుకుని మూడుసార్లు తడిమి, అలారం చూసుకుని, చెప్పులు విప్పి మంచం మీద కూచున్నాడు. ఒక్కసారి కూడా లేవలేదు. గంట తరవాత కింది సీసా తీసి వంచితే నూనె అరచేతిలోకి జారింది. అయినా వాడికి నమ్మకం చాలలేదు. వాడి కాళ్లు రెండూ మంచి కాళ్లు. నమ్మాల్సింది ఆ కాలు.

శనివారం నాడు హైమవతి వచ్చింది, చెల్లెలు సుగుణతో. సుగుణ నేరుగా డ్రైవరు సీటెక్కి గేర్లు వేసి చూసుకోవడంలో పడింది. కోటినాగు పెద్దావిడకి చెయ్యి అందించి లోపలికి ఎక్కించాడు. ఆవిడ కడ్డీ పట్టుకుని, చుట్టూ చూసి, తల పైకెత్తింది.

"కప్పుకి ఆ బిళ్లలేంటి నాయనా? దీపాలా?"

అవునంటే సరిపోయేది. వాడి నాలిక చివరి దాకా వచ్చింది కూడా.

"కాదమ్మా. అవి నా తప్పులు," అన్నాడు. "వేడి గాలి పైనుంచి వదిలాను. కాళ్లకి అందలేదు. మేస్త్రిగారు చూపించారు. తీసేసి కిందకి పెట్టాను. బొక్కలు మూశాను గానీ, మచ్చలు మిగిలాయి."

ఆవిడ నాలుగింటినీ మార్చి మార్చి చూసింది. "నలభై ఏళ్లు ఉత్తరాలు చూశాను," అంది. "కొట్టివేతల్లేని ఉత్తరం మనసుపెట్టి రాసింది కాదు. ఉండనీ."

అందరూ కోల్డ్ స్టోరేజీకి వెళ్లారు. లోపలికి వెళ్లగానే అందరూ తుమ్మారు. సుగుణ, "అక్కా, లడఖ్ దాకా మన ఊరి కారం వాసనే," అని నవ్వింది. మేస్త్రి పక్కబల్ల మీద కూచున్నాడు. గొట్టం బయటికి పోయింది, అలారం వేలాడింది, తలుపు మూశారు.

కోటినాగు హీటరు వెలిగించాడు.

హైమవతి మంచం మీద కూచుని బూటు పట్టీలు విప్పి కొక్కేనికి తగిలించింది. సన్నటి కాలు నేల మీద పెట్టి, సంచిలోంచి శాలువా తీసి మోకాళ్ల మీదనించి పాదం దాకా చుట్టుకుంది. అది ఆవిడకి ఊపిరి పీల్చినంత అలవాటు. కోటినాగు ఆ కాలి వంక చూడలేకపోయాడు. నేల మీద ఒక మూల కూచుని, బయట గొట్టం చూస్తున్నట్టు తలుపు అద్దం వైపు తిరిగాడు.

పంపు టిక్కుటిక్కుమంది. ఆవిడ కబుర్లలో పడింది. తెనాలి పోస్టాఫీసులో ఒకసారి కోడిపుంజుని పార్సిలు చేస్తానని పట్టుబట్టినాయన సంగతి మొదలుపెట్టింది. పుంజుకి ఎన్ని స్టాంపులు అంటించాలి, ఎక్కడ అంటించాలి అని ఆయనకీ గుమాస్తాకీ జరిగిన వాదన. చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ చెబుతోంది. సుగుణ నవ్వుతోంది. మేస్త్రి పెదాల మీద కూడా నవ్వు కదిలింది.

స్టాంపుల దగ్గరికి వచ్చేసరికి శాలువా మోకాలి మీదనించి జారింది. కథ అయ్యేలోపు కింద పడింది. ఆవిడ చూసుకోలేదు. పుంజు కిటికీలోంచి ఎగిరిపోయిన వైనం చెబుతూ, రెండు కాళ్లూ నేల మీద ఆడిస్తోంది. ఎడమ పాదం లేత గులాబీ రంగులో ఉంది.

కోటినాగు చూశాడు. శాలువా తీసి ఇద్దామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. కళ్లు మసకబారాయి. మిర్చి ఘాటు అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీశాడు. వాడి ముందు పట్టుకున్నాడు. కోటినాగు రెండు చేతులూ చాపి అందుకున్నాడు. బొటనవేలంత ముక్క, ఆయన జేబులో ఉండి ఉండి నునుపుదేలింది.

డ్రైవరు తలుపు పక్కనే ఉంది. వాడు అటు వెళ్లలేదు. మోకాళ్ల మీద వంగి, మంచం వారన, గాలి వచ్చే చోట, ఆవిడ పాదాలకి పక్కన చిన్న టిక్కు పెట్టాడు. హైమవతి కథ ఆపి, "ఏంటి నాయనా, ఏమన్నా పడిపోయిందా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు.

షట్టరు ఎత్తారు. ఎండ లోపలికి వచ్చింది. మేస్త్రి బండి దిగి, అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు పై అంచుకేసి చూశాడు. అక్కడేమీ లేదు. మళ్లీ లోపలికి ఎక్కి, కడ్డీ పట్టుకుని మెల్లగా వంగి మంచం వారన చూశాడు. టిక్కు అక్కడుంది. నడుం మీద చెయ్యి వేసుకుని లేచాడు.

"ఇక బండి తీయమను," అన్నాడు.